పెట్రోలు డబ్బా పుట్టుపూర్వోత్తరాలు

పత్తి చేల గట్ల మీద, పెళ్లి పందిళ్ల వెనక, పడవల రేవుల్లో చిన్న పెట్రోలు ఇంజను ఉన్న చోటల్లా పక్కన ఓ ప్లాస్టిక్ సీసా ఉంటుంది. నిన్నటిదాకా అందులో కూల్‌డ్రింకు, ఇవాళ పెట్రోలు. ఇంజను ఎలా పుట్టిందో చాలామంది రాశారు. దాని నోటికి పెట్రోలు అందించే డబ్బా సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. నా దృష్టిలో తెలుసుకోవాల్సిన కథ అదే.

మొదట్లో పెట్రోలుకు సొంత పాత్రంటూ లేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన మోటారు బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు బయల్దేరారు. దారిలో ఇంధనం అయిపోవస్తే వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపుకు వెళ్లారు. బట్టల మరకలు పోగొట్టడానికి అక్కడ అమ్మే లిగ్రోయిన్ కొని బండిలో పోయించారు. తర్వాత పెట్రోలు వాడకం పెరిగి రేకు డబ్బాల్లోకి చేరింది. మన పాతకాలం కిరసనాయిలు డబ్బా, అదే నాలుగు గ్యాలన్లది, ఆ కోవలోదే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారికి బ్రిటిష్ సైన్యం పెట్రోలు పంపింది ఇలాంటి పల్చటి డబ్బాల్లోనే. లారీ కుదుపులకు అతుకులు విడిపోయేవి. ముందు వరుసకు చేరేలోగా ఎంతో పెట్రోలు కారిపోయేది, ఆవిరయ్యేది.

ఎదుటి పక్షం దగ్గర అప్పటికే మంచి డబ్బా ఉంది. 1937లో జర్మన్ సైన్యం కోసం మ్యూలర్ అనే కంపెనీ ఇంజనీరు విన్‌జెంజ్ గ్రున్‌ఫోగెల్ రూపొందించిన 20 లీటర్ల ఉక్కు క్యాన్ అది. బ్రిటిష్ సైనికులు దొరికినవి దొరికినట్టు పట్టుకుని వాడుకున్నారు. జర్మన్లను వాళ్లు పిలిచే ‘జెర్రీ’ అన్న పేరే డబ్బాకూ అంటుకుంది.

దాన్ని దగ్గరగా చూడాలి. రెండు ఉక్కు రేకులను అచ్చులో నొక్కి, అంచులు కలిపి వెల్డింగ్ చేశారు. పక్కల మీద ఇంటూ గుర్తులా కనిపించే నొక్కులు అలంకారం కాదు, లోపలి ఒత్తిడికి రేకు చీలకుండా సాగే వీలు. పైన మూడు పిడులు. నడిమి పిడి పట్టుకుంటే ఒక్కడే మోయొచ్చు, చివరి రెండూ పట్టుకుంటే ఇద్దరు. మరతిప్పే మూత కాకుండా మీట నొక్కితే బిగుసుకునే మూత, దాంతో రెంచీ అక్కర్లేదు, గరాటా అక్కర్లేదు. మూతి లోపల గాలి వెళ్లే సన్నని గొట్టం ఉంటుంది కాబట్టి పెట్రోలు బుడబుడమని ఎగదన్నకుండా ధారగా పడుతుంది. అన్నిటికన్నా గొప్పది పిడుల పక్కనున్న గూని. మామూలుగా నింపితే అక్కడ గాలి మిగిలిపోతుంది. 20 లీటర్ల పెట్రోలు మరో 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు ఆ గూనే.

దీని కథలో మన దేశమూ ఉంది. 1939లో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు బెర్లిన్ నుంచి కలకత్తాకు కారులో వచ్చాడు. నీళ్ల కోసం వెంట తెచ్చుకున్నవి మూడు జర్మన్ క్యాన్లు. తిరిగి వెళ్లి వాటి గురించి అమెరికా సైన్యానికి చెప్పినా మొదట ఎవరూ లెక్కచేయలేదు. యుద్ధం ముదిరాక మిత్రపక్షాలే కోట్లలో తయారుచేశాయి.

ఆ క్యాన్‌లోని ప్రతి అమరికా పెట్రోలు గుణాన్ని ఎరిగి చేసింది. మంచు గడ్డకట్టే చలిలోనూ అంటుకునేంత ఆవిరిని పెట్రోలు వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. పవర్ స్ప్రేయరు ట్యాంకులో సీసా వంచేటప్పుడు పక్కనే సైలెన్సరు కాలిపోతూ ఉంటుంది. అందుకే ఇంజను ఆపి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, వీపు మీదిది నేల మీదికి దించాకే మూత తీయాలి. ట్యాంకును అంచుదాకా నింపకూడదు. ఒలికితే తుడిచి, ఆ గుడ్డను దూరంగా ఆరేసి, పోసిన చోటికి పదడుగుల అవతల స్టార్ట్ చేయాలి. బంకులో క్యాన్ నింపించేటప్పుడు దాన్ని బండి మీద ఉంచకుండా నేల మీద పెట్టి, నాజిల్‌ను మూతికి ఆనించి ఉంచితే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టే ప్రమాదం తగ్గుతుంది. జనరేటరైతే నింపాక కూడా ఇంట్లోకీ వరండాలోకీ తేకూడదు. దాని పొగలో ఉండే, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

ప్లాస్టిక్ సీసాకు గూని లేదు, గాలి గొట్టం లేదు, కాస్త ఎండకే ఉబ్బుతుంది. దాన్ని చూసి నీళ్లనుకునే పిల్లల మాట తలుచుకుంటే నాకు గుండె దడ.

జర్మన్ క్యాన్ కంటే మూడేళ్లు ముందే మన దేశంలో 1934 పెట్రోలియం చట్టం వచ్చింది. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా పెట్రోలు ఉంచుకోవచ్చని చెబుతూనే, ఎందులో ఉంచాలో కూడా ఆ చట్టం రాసింది: మూత గట్టిగా బిగిసే గాజు లేదా జాడీ పాత్రయితే లీటరుకు మించకూడదు, లోహపు పాత్రయితే 25 లీటర్లకు మించకూడదు.