నియోబె మునిగిన తరువాత

రాడార్లు, క్షిపణులు వచ్చిన ఈ కాలంలో కూడా చాలా దేశాల నావికాదళాలు తమ కుర్రవాళ్ళను తెరచాప ఓడ ఎక్కించి శిక్షణ ఇస్తున్నాయి. గాలి ఎటు వీస్తున్నదో, అల ఎటు తోస్తున్నదో ఒంటికి తెలియాలంటే తాడు పట్టుకొని లాగవలసిందేనని వారి నమ్మకం. ఆ నమ్మకం జర్మనీలో ఒకసారి 69 ప్రాణాలను బలిగొన్నది.

నియోబె వారి శిక్షణ నౌక. 1913లో డెన్మార్కులో సరుకుల కోసం కట్టిన ఓడను మార్చి, మూడు స్తంభాలతో వాడుకొంటున్నారు. 1932 జూలై 26న బాల్టిక్ సముద్రంలో ఫెహ్‌మార్న్ దీవి దగ్గర ఉన్నట్టుండి గాలిదుమారం విరుచుకుపడింది. వేసవి కాబట్టి ఓడ కిటికీలు తెరిచే ఉన్నాయి. ఓడ పక్కకు ఒరగగానే నీరు లోపలికి జొరబడింది. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోయింది. కింది అరల్లో ఉన్న పిల్లలకు బయటపడే వ్యవధే లేదు. అటుగా వెళుతున్న సరుకుల ఓడ ఒకటి 40 మందిని కాపాడింది.

మరుసటి నెల ఓడను పైకి లేపి, లోపల దొరికినవారికి అంత్యక్రియలు జరిపారు. కెప్టెన్ మీద విచారణ జరిగింది. ఆయన తప్పు లేదని వదిలేశారు. జీవితమంతా ఫైళ్ళు చూసినవాణ్ణి, మామూలుగా ఇక్కడ 'తదుపరి చర్య అవసరం లేదు' అని రాసి దస్త్రం కట్టేస్తారని నాకు తెలుసు. అక్కడ అలా జరగలేదు. ప్రజలు చందాలు వేసుకొన్నారు. హాంబర్గులో కొత్త ఓడ కట్టి 1933 మే 3న నీటిలోకి దించారు. అడుగున బాగా బరువు పెట్టి, ఎంత ఒరిగినా తిరిగి నిలబడేటట్లు తయారు చేశారు. దాని పేరు గోర్ఖ్ ఫోక్. 1916లో జట్లాండ్ నౌకాయుద్ధంలో మరణించిన ఒక రచయిత కలం పేరది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత అది రష్యా వారి పాలై, 2003లో స్వదేశం చేరింది. దాని తోబుట్టువు ఒకటి 1946 నుంచి 'ఈగిల్' పేరుతో అమెరికా కోస్ట్ గార్డ్ కొలువులో ఉంది. పశ్చిమ జర్మనీ అదే పేరుతో మరో ఓడ తలపెట్టిన సమయంలో, 1957 సెప్టెంబరులో, పామిర్ అనే తెరచాప ఓడ అట్లాంటిక్ తుఫానులో 80 మందితో మునిగింది. నమూనాను మళ్ళీ పరీక్షించాకే 1958లో కొత్త ఓడను నీటిలోకి దించారు.

మన 'తరంగిణి' గోవాలో తయారై 1997లో నావికాదళంలో చేరింది. 2003-04లో ప్రపంచాన్ని చుట్టి క్షేమంగా కొచ్చి చేరింది.