మౌరి అంటే తత్త్వమేనా?

న్యూజీలాండ్ ఉత్తర ద్వీపంలో తూహోయె తెగవారి అడవి పేరు తె ఉరెవెరా. 1954 నుంచి నేషనల్ పార్కుగా ఉన్న ఈ అడవికి 2014లో పార్లమెంటు చట్టం చేసి, మనిషికున్నట్టే హక్కులూ బాధ్యతలూ ఇచ్చింది. ఆ ఇంగ్లీషు చట్టంలో, ఈ అడవికి తనదైన ‘మౌరి’ ఉందని రాశారు. మావోరీ మాటని మార్చకుండా అలాగే ఉంచారు. మా ప్రోగ్రామింగు భాషల్లో రిజర్వ్‌డ్ వర్డు లాగా.

మౌరి అంటే ఒక వస్తువుని ఆ వస్తువుగా నిలిపి ఉంచే జీవం. మనిషికే కాదు, ఏటికీ, చెట్టుకీ, కొండకీ ఉంటుంది. పూర్వం మావోరీలు అడవిలో ఒక రాయిని దాచి, ఆ అడవి మౌరిని అందులో నిలిపేవారు. పిట్టలు తరిగిపోకుండా అది కాపాడుతుందని నమ్మకం.

ఇది చదవగానే నాకు మన ‘తత్త్వం’ గుర్తొచ్చింది. తత్ అంటే అది. త్వం చేరిస్తే ‘అదితనం’. మధ్యయుగపు లాటిన్ పండితులు ‘ఏమిటి’ అనే ప్రశ్నకే ప్రత్యయం తగిలించి ‘క్విద్దితాస్’ అన్నారు, అంటే ‘ఏమిటితనం’! ఇద్దరూ పట్టిన దారి ఒకటే. కానీ తత్త్వం తరిగేది కాదు. వంకాయ నా ఒంటి తత్త్వానికి పడదంటాం గాని, ఒంటి తత్త్వం అరిగిపోయిందనం. మౌరి అలా కాదు. మురుగు కలిస్తే ఏటి మౌరి క్షీణిస్తుంది, కాపాడుకుంటే కోలుకుంటుంది. కనుక మన మాట కూడా దానికి సరిపోదు.

అనువదించకపోవడమే మేలని నేననుకోవడానికి కారణం ఈ దేశ చరిత్రలోనే ఉంది. 1840 ఫిబ్రవరి 4 రాత్రి, మిషనరీ హెన్రీ విలియమ్స్, ఆయన కొడుకు ఎడ్వర్డ్ కలిసి వైటాంగి ఒప్పందాన్ని మావోరీలోకి మార్చారు. బ్రిటిష్ రాణికి దఖలు పడాల్సిన సార్వభౌమాధికారాన్ని ‘కావనతంగ’ అన్నారు. ‘కావన’ అంటే గవర్నరు. ‘తంగ’ మన ‘తనం’ లాంటి ప్రత్యయం (చుట్టరికమేమీ లేదు లెండి, కాకతాళీయం). వెరసి ‘గవర్నరుతనం’. రెండో అధికరణంలోనేమో ‘రంగతిరతంగ’ తెగల నాయకులకే ఉంటుందని రాశారు. రంగతిర అంటే దొర. అచ్చంగా మన ‘దొరతనం’!

ఇంగ్లీషు ప్రతిలో సర్వాధికారం రాణికి వెళ్ళిపోయింది. మావోరీ ప్రతిలో దొరతనం దొరల దగ్గరే ఉంది. ఎక్కువమంది సంతకం చేసింది మావోరీ ప్రతి మీదే. 1975లో ఏర్పడిన వైటాంగి ట్రిబ్యునల్, ఆ ఫిబ్రవరిలో సంతకాలు చేసిన ఉత్తరాది నాయకులు సార్వభౌమాధికారాన్ని వదులుకోలేదని 2014లో తేల్చింది. తె ఉరెవెరా చట్టం వచ్చింది కూడా ఆ ఏడే.