రోషెల్ ఉప్పు నుండి ఎమ్మారై వరకు

గద్వాల విత్తనపత్తి చేలలో రోజంతా నడుము వంచి పనిచేసేవారు, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల నుండి వలసపోయి బరువులు మోసేవారు నడుమునొప్పితో వచ్చినప్పుడు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది: "ఎక్స్‌రే మంచిగనే వచ్చింది సారూ, ఏం లేదన్నరు." ఎక్స్‌రేకు కనబడనిది లేనట్లేనా? ఈ ప్రశ్న వైద్యులకంటే ముందు స్ఫటికాలను పరిశోధించినవారికి ఎదురైంది.

పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సులోని లా రోషెల్ పట్టణంలో సెన్యెట్ అనే ఔషధ విక్రేత ఒక ఉప్పును తయారుచేశాడు. దానిని విరేచనానికి వాడేవారు. మా తరం వైద్యులకు అది సీడ్లిట్జ్ పొడిలోని ఉప్పుగా పరిచయం. అదే రోషెల్ ఉప్పు స్ఫటికంలో 1920లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ వాలసెక్ ఒక వింత గుణాన్ని కనుగొన్నాడు. బయటి విద్యుత్ క్షేత్రాన్ని తొలగించినా అది ధన, ఋణ ధ్రువాలను నిలుపుకొంటుంది; క్షేత్రం దిశ మారిస్తే ధ్రువాలూ తిరగబడతాయి. ఇనుము అయస్కాంతత్వాన్ని నిలుపుకొనే తీరును పోలినందున వీటికి ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికాలన్న పేరు స్థిరపడింది. పేరులో ఇనుమున్నా రోషెల్ ఉప్పులో ఇనుము లేదు!

1935లో జ్యూరిక్‌లో బుష్, షెరర్ పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌లోనూ ఈ గుణం చూశారు. అయితే అది సుమారు మైనస్ 150 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు చల్లబరిస్తేనే కనబడుతుంది. ఆ చలిలో స్ఫటికం లోపల ఏది కదిలింది? అనుమానం హైడ్రోజన్ మీద పడింది. కాని ఎక్స్‌రేలో బాగా కనబడేవి ఎలక్ట్రాన్లు ఎక్కువగల పరమాణువులే. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే.

1945–46లో బ్లాక్, పర్సెల్ వేర్వేరుగా కనుగొన్న అయస్కాంత అనునాదం ఇక్కడ అక్కరకు వచ్చింది. అది ఎలక్ట్రాన్లను కాక, పరమాణు కేంద్రకాన్నే పలకరిస్తుంది. వెచ్చగా ఉన్నప్పుడు ప్రతి హైడ్రోజన్ రెండు స్థానాల మధ్య ఊగిసలాడుతుందనీ, చలిలో ఒక పక్కకు ఒదుగుతుందనీ ఇటువంటి పరిశోధనలు బలపరిచాయి. హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన రూపమైన డ్యుటీరియంను చేర్చితే ఈ మార్పు మైనస్ 60 ప్రాంతంలోనే వస్తుంది. స్లొవేనియాకు చెందిన రాబర్ట్ బ్లింట్స్ ఈ విషయం మీద దశాబ్దాలపాటు శ్రమించాడు.

స్ఫటికశాస్త్రంలో మనవారి కృషి తక్కువది కాదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, తరువాత ఉస్మానియా ఉపకులపతి అయిన సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవానికీ వాటి భౌతిక గుణాలకూ గల సంబంధంపై 1966లో ఒక గ్రంథమే ప్రచురించారు. స్ఫటిక వర్గాలు 32. తమంతట తామే ధ్రువాలు కలిగి ఉండగలిగేవి అందులో పదే.

ఇక మన దేహానికి వద్దాము. 1973లో లాటర్‌బర్ అయస్కాంత అనునాదంతో చిత్రాన్ని రూపొందించే మార్గం చూపాడు. ఎముకలో కాల్షియం ఉంది గనుక ఎక్స్‌రేలో అది స్పష్టం. వెన్నుపూసల మధ్య డిస్కులో, నరాలలో ఉండేది ఎక్కువగా నీరు, అంటే హైడ్రోజన్. స్ఫటికంలో దొరకనట్లే అది ఇక్కడా ఎక్స్‌రేకు దొరకదు, ఎమ్మారైకి దొరుకుతుంది.

ప్రతి నడుమునొప్పికీ ఎమ్మారై అక్కరలేదు. చాలావరకు కొన్ని వారాలలో అవే తగ్గుతాయి. కాని కాలు బలహీనపడినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, మర్మస్థానం చుట్టూ మొద్దుబారినా ఎక్స్‌రే బాగుందని ఇంట్లో కూర్చోకండి. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆలస్యమైతే నరాలు కోలుకోకపోవచ్చు.

"రేడియేషన్ తగులుతుందేమో" అని కొందరు జంకుతారు. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. భయపడవలసింది లోహానికి. సాధారణంగా ఆ అయస్కాంతపు తీగలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. స్కాన్ జరగనప్పుడు కూడా, కరెంటు పోయినా సరే, అయస్కాంతశక్తి అలాగే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకొని ఆ గదిలోకి వెళ్ళిన రోగి బంధువు యంత్రంలోకి లాగబడి మరణించాడు. పేస్‌మేకర్ ఉన్నా, మెదడులో క్లిప్పు వేసి ఉన్నా, కంటిలో ఎప్పుడైనా ఇనుపరజను పడి ఉన్నా లోపలికి వెళ్ళకముందే చెప్పండి. మీ వెంట వచ్చినవారు కూడా తాళంచెవులు, ఫోను, మొలతాడు బిళ్ళ బయటే ఉంచాలి.