మన సత్రం, వాళ్ల లాడ్జి

తర్లుపాడులో మా చిన్నప్పుడు హోటలంటే ఇడ్లీ, కాఫీ దొరికే చోటు. పడుకునేది లాడ్జిలో. మా అవ్వకి ఆ రెండూ పట్టవు, ఊరు దాటితే సత్రమే.

మీటర్ గేజీ రోజులు. అవ్వకి కంటి పరీక్షలకని నాయన అందర్నీ గుంటూరు తీసుకెళ్లాడు. దొనకొండ, వినుకొండ, నరసరావుపేట దాటి రైలు చేరేసరికి పొద్దుగూకింది. డాక్టరు మర్నాడు రమ్మన్నాడు. కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఒక పాత లాడ్జి దొరికింది. నిటారు మెట్లు, వరండా పొడుగునా గదులు, కౌంటరు మీద లావుపాటి రిజిస్టరు. పేరు, ఊరు, ఎంతమంది, ఏం పని అని రాయించుకున్నారు. "మనమెవరమో అడగలేదేందిరా?" అంది అవ్వ. సంతోషమో అనుమానమో నాకు తెలియలేదు. గదిలోకి వెళ్లాక ఇంకో ప్రశ్న: "పొయ్యి ఏదీ?"

రెండూ సత్రం ప్రశ్నలే. సత్రమంటే నీడ, నీళ్లు, వండుకునే చోటు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, అహోబిలం, శ్రీశైలం మీదుగా, అంటే మా నల్లమలకి అవతలి పక్కనించి, కాశీకి వెళ్లాడు. ఇంటివాళ్లూ పరివారమూ వెంట, డేరాలు కూడా. అయినా మజిలీ మజిలీకీ ఆయన చూసుకున్నది సత్రముందా, అంగళ్లున్నాయా, నీళ్లున్నాయా అనే. సత్రాలు దాతలిచ్చిన మాన్యాల మీద నడిచేవి. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్ చేసి, గుళ్లతో పాటు వీటి ఆదాయాన్నీ రెవెన్యూ బోర్డు కిందికి తెచ్చింది.

అయితే ఆ నీడ అందరికీ కాదు. శ్రీశైలంలో ఇప్పటికీ సత్రాలకి కులాల పేర్లే. కరివేన సత్రం బ్రాహ్మలది, వాసవి సత్రం ఆర్యవైశ్యులది, రెడ్లకి వేరే, వెలమలకి వేరే, కమ్మవారికి వేరే. దోర్నాల మీదుగా శివరాత్రికి వెళ్లే మావైపు వాళ్లు ముందు "మన సత్రం" ఎక్కడని కనుక్కునేవాళ్లు. అది లేనివాళ్లకి చెట్టు కిందే.

1950 నాటి రాజ్యాంగం 15వ అధికరణంలో, కులం పేరుతో ఎవర్నీ హోటళ్లలోకి రాకుండా ఆపకూడదని రాసుకున్నాం. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం ధర్మశాలల్నీ, సరాయిల్నీ, అక్కడి గిన్నెల్నీ కూడా పేరుపేరునా చేర్చింది. గిన్నెల దాకా రావాల్సి వచ్చిందంటే గొడవ ఎక్కడుందో ఊహించుకోవచ్చు. లాడ్జీలు చట్టానికి భయపడి అడగడం మానేశాయని మాత్రం నేననుకోను. ఖాళీ గది నష్టం, అంతే. పైగా పేరు చివర తోక కనిపిస్తూనే ఉంటుంది, అడిగే పనేముంది!

ఆ రాత్రి మూట విప్పుకుని జొన్నరొట్టెలూ పచ్చడీ తిన్నాం. అవ్వ మంచమెక్కలేదు, కింద దుప్పటి పరుచుకుంది. తెల్లారి కింద హోటల్లో నాయన బలవంతం మీద కాఫీకి ఒప్పుకుంది. గ్లాసు మాత్రం తన సంచిలోంచి తీసింది.