స్కోప్: ఒడంబడికలో ఒక మాట
అమెరికా విమాన చోదకుల సంఘములు యాజమాన్యములతో వ్రాసికొను ఒడంబడికలలో ‘స్కోప్’ అను అధికరణ మొకటి కలదు. గ్రీకు భాషలో ‘స్కోపోస్’ అనగా కనిపెట్టి చూచువాడు, విలుకాడు గుఱిపెట్టు లక్ష్యము. ఆ పదమే ఇటాలియన్ ‘స్కోపో’ మీదుగా ఇంగ్లీషున ప్రవేశించి, క్రమముగా పరిధి యను అర్థమును సంతరించుకొన్నది. కంపెనీ పేరు ధరించి యెగురు విమానమును ఎవరు నడపవలెనో నిర్ణయించునదే చోదకులకు స్కోప్.

1978లో విమానయానముపై ప్రభుత్వ నియంత్రణము సడలిన పిమ్మట, పెద్ద సంస్థలు తమ రంగులు పూసిన చిన్న విమానములను, తక్కువ జీతములకు చోదకులను కుదుర్చుకొను ప్రాంతీయ సంస్థల కప్పగింపసాగినవి. ఆ ప్రవాహమునకు కట్టిన ఆనకట్టయే స్కోప్. డెల్టా, యునైటెడ్, అమెరికన్ ఒడంబడికలలో ప్రాంతీయ విమానమునకు దాటరాని హద్దు 76 ఆసనములు, 86,000 పౌనుల బరువు. ఎంబ్రేయర్ ఈ175-ఈ2 విమానము ఆ బరువును మించుటచేత దాని నిర్మాణ కార్యక్రమమే వాయిదా పడినది. యునైటెడ్ వారు 2019లో ప్రవేశపెట్టిన సీఆర్‌జే-550 మరింత విచిత్రము: పెద్ద ప్రాంతీయ విమానముల సంఖ్యకును స్కోప్ హద్దుండుటచేత, 70 మంది కూర్చుండదగిన విమానమున 50 ఆసనములే యుంచి, మిగిలిన చోట సామాను అలమరలును తినుబండారముల బల్లయు నమర్చిరి.

స్కోప్‌ను కేవలము జీతముల తగవని కొట్టివేయుట న్యాయము కాదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో సమీపమున కూలి, 50 మందిని బలిగొన్న విమానము కాంటినెంటల్ అను పెద్ద సంస్థ పేరిట నెగిరినది. నడపినది కోల్గన్ ఎయిర్ అను ప్రాంతీయ సంస్థ. ఆ ప్రమాదము పిమ్మట, టికెట్టు అమ్మునపుడే నడపు సంస్థ పేరు స్పష్టముగా తెలుపవలెనని 2010 నాటి చట్టము శాసించినది.