కారు కిందికి దారి

"అరవై నాలుగేళ్లొచ్చాయి, ఇంకా ఆ కారు కిందకి దూరి ఏం చేస్తారండీ?" అంది మా ఆవిడ. దూరలేకపోతున్నాననేగా లిఫ్టు పెట్టిస్తోంది అన్నాను. అప్పటికే పెరట్లో, ఒకప్పుడు గేదెలు కట్టేసిన రేకుల పాకలో, తవ్వకం మొదలైపోయింది. అది చూసి ఇంకో మాట అంది: "లిఫ్టంటే పైకెత్తేదన్నారు. మళ్లీ గుంతే తవ్విస్తున్నారేంటి?"

తెలియక అన్నా సరిగ్గా అంది. కారు కింద చేసే పని చరిత్రంతా గుంతతోనే మొదలైంది. నా బతుకూ అక్కడే మొదలైంది.

బెజవాడ ఆటోనగర్లో నేను పనికి చేరింది 1974లో, పన్నెండో ఏట. మద్రాసు-కలకత్తా రోడ్డూ, హైదరాబాదు-బందరు రోడ్డూ కలిసే ఊరు కాబట్టి బెజవాడకి లారీల తాకిడెక్కువ. లారీ ఆగినచోట షెడ్డు పుడుతుంది. ఊళ్లో ఇరుకు సందుల్లో నలుగుతున్న షెడ్లకోసం 1960ల్లో తూర్పు శివారున, బందరు రోడ్డు పక్కన, జవహర్ ఆటోనగర్ వెలిసింది. బాడీలు కట్టేవాళ్లు, కమాన్లవాళ్లు, లేతు మిషన్లవాళ్లు, రేడియేటర్లవాళ్లు, పాత సామాన్లవాళ్లు తలో వీధీ పంచుకున్నారు. నేను చేరిన షెడ్డు కార్లది. అంబాసిడర్, ఫియట్, ఎప్పుడన్నా ఓ స్టాండర్డ్ హెరాల్డ్. దేశంలో దొరికే కార్లు దాదాపు అవే గనక, మూడు బళ్లు వస్తే పని వచ్చినట్టే.

షెడ్డు మధ్యలో గుంత. పదిహేనడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, లోతు నా ఎత్తుకన్నా కాస్త ఎక్కువ. ఇటుక గోడలు, ఒక కొసన ఐదు మెట్లు, పైన కప్పడానికి పాత రైలు స్లీపరు చెక్కలు. చెక్కలు తీసేసి, రెండు గట్ల మీదా చక్రాలు పడేలా మేస్త్రీ కారు తోలుకొచ్చేవాడు. నేను ఎదురుగా నిలబడి చెయ్యి ఊపేవాణ్ణి. అంబాసిడర్‌కి చక్రాల మధ్య నాలుగున్నర అడుగులు, కింద గుంత మూడడుగులు. టైరు మందం పోగా అటు అరడుగు, ఇటు అరడుగు. తప్పుచేసుకోవడానికి ఉన్న చోటు అంతే. చక్రాలకి రాళ్లు పెట్టాక "దిగరా" అనేవాడు.

అంబాసిడర్‌కి గ్రీజు నిప్పుల్స్ ఎక్కడెక్కడుంటాయో ఇప్పటికీ కళ్లు మూసుకుని తడిమి చెప్పగలను. పాత గ్రీజు రోడ్డు దుమ్ముతో కలిసి చెట్టు బెరడులా గట్టిపడి ఉంటుంది. ముందు స్క్రూడ్రైవరుతో గీకాలి. గుడ్డతో తుడిస్తే లోపల నిప్పుల్ తల, శనగగింజంత, మెరుస్తూ కనిపిస్తుంది. గన్ను మూతి దానికి ఆనించి కొడితే జాయింటు సందుల్లోంచి పాతది నల్లగా, జంతికలాగా మెలికలు తిరుగుతూ బయటికొస్తుంది. కొత్తది పసుపురంగులో తొంగిచూసేదాకా కొడుతూనే ఉండాలి. ఆ నల్ల జంతిక ఎక్కడ పడుతుందంటారా? పైకి చూసేవాడి మొహాన. నోరు మూసుకుని పనిచేయడం నేను అలా నేర్చుకున్నాను.

వానాకాలం వస్తే గుంతలో నీళ్లూరేవి. పొద్దున్నే బకెట్లతో తోడి, కప్పల్ని ఏరి బయటెయ్యడం మొదటి పని. నీళ్ల మీద తేలే నల్లాయిలు మోకాళ్ల దగ్గర పట్టీ వేసినట్టు గీత గీసేది. సాయంత్రం ఎంత రుద్దినా ఆ గీత పోయేది కాదు. స్నానం చేసొచ్చినా ఆటోనగర్ కుర్రాడని మా వీధిలో కాళ్లు చూసే చెప్పేవాళ్లు.

అసలు భయం నీళ్లు కాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పల్లం వెతుక్కుంటుంది. షెడ్డులో దానికి దొరికే పల్లం గుంతే, అందులో ఉండేది కుర్రాడే. నేను చేరిన రెండో ఏడు నా ఈడువాడే ఒకడు పెట్రోలు గొట్టం ఊడదీశాడు. కారింది చిన్న గ్లాసెడు. చేతిలో దీపానికి జాలీ లేదు, పానా తగిలి బల్బు పగిలింది. భగ్గుమంది, అంతే. మేస్త్రీ తడి గోనెపట్టా మీదేసి, జుట్టు పట్టుకుని పైకి లాగాడు. బతికాడు. రెండు చేతుల చర్మం మాత్రం ముడుచుకుపోయింది. పానా బిగించి పట్టలేక తర్వాత సామాన్ల కొట్టులో కుదిరాడు. మర్నాడు పొద్దున్న అదే గుంతలో నేను దిగాను. ఆ దసరాకి గుంత గట్లకి సున్నం వేసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ అక్కడే కొట్టాం.

గుంత మోటారువాళ్లు కనిపెట్టింది కాదు. రైలింజన్ల షెడ్లలో పట్టాల మధ్య గుంతలు మోటారు బండి పుట్టకముందే ఉన్నాయి. బొగ్గు బూడిద రాల్చుకోవడానికి, ఇంజను పొట్ట చూసుకోవడానికి. మన దగ్గర బస్సుల కథలో కూడా రైలు ఉంది. నిజాం రాజ్యంలో రైల్వేవాళ్లే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలెట్టారు. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి, స్కాట్లాండులో తయారైంది, దక్కన్ క్వీన్ పేరుతో ఇంకా దాచి ఉంచారు. ఆ శాఖే పేర్లు మారుతూ 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. రైలు నడిపిన చేతులతో బస్సు నడిపితే గుంత వెంటరాకుండా ఎలా ఉంటుందని నా అనుమానం. ఇవాళ్టికీ బస్సు డిపో అంటే వరసగా గుంతలే. దాన్ని తప్పుపట్టను. ఖాళీ బస్సే పది టన్నులకి అటూఇటూగా ఉంటుంది. తోలుకొచ్చి గుంత మీద ఆపడం తేలికా, అంత బరువు ఎత్తడం తేలికా? నా గొడవంతా కార్ల షెడ్డు గుంతతోనే.

ఎందుకంటే కార్ల లిఫ్టు 1925లోనే పుట్టింది. అమెరికాలో, టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో, పీటర్ లునాటీ అనే మెకానిక్‌కి సెలూన్లో కుర్చీ చూసి ఆ ఆలోచన వచ్చిందట. పిడి ఆడిస్తే మనిషితో సహా లేచే కుర్చీ మనందరం ఎక్కి కూర్చున్నదే. గడ్డం గీయించుకునేటప్పుడు మనకి నిద్రొస్తుంది, ఆయనకి పేటెంటు వచ్చింది. ఆయన పెట్టిన రోటరీ లిఫ్ట్ కంపెనీ ఇంకా నడుస్తోంది. అందులో వాడిన సూత్రం మాత్రం పాతదే. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పింది, 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ప్రెస్సుగా చేసి చూపించింది. చిన్న పిస్టన్ మీద వేసిన ఒత్తిడి నూనె గుండా పోయి పెద్ద పిస్టన్ అడుగున అంగుళమంగుళానికీ అంతే పనిచేస్తుంది. డిక్కీలో పడుండే బాటిల్ జాకీ కూడా ఇదే.

లునాటీ లిఫ్టుకీ గుంత కావాలి, అదీ తమాషా. కారు నడుము కింద లావుపాటి పిస్టన్ ఒక్కటే ఉంటుంది. కారు ఆరడుగులు లేవాలంటే, దిగినప్పుడు ఆ ఆరడుగుల ఇనుమూ భూమిలోకి పోవాలి. మనిషి దిగే చోట ఇనుపగొట్టం దిగింది, మనిషి పైకొచ్చాడు. మా ఆవిడ మాట నాకు నచ్చింది అందుకే.

అలాంటి లిఫ్టు మన ఊళ్లలో లేకపోలేదు. వాటర్ సర్వీసింగ్ చేసే పెద్ద పెట్రోలు బంకుల్లో ఉండేది. నేను మొదటిసారి చూసింది పదిహేనేళ్ల వయసులో, మేస్త్రీతో కారు కడిగించడానికి వెళ్లినప్పుడు. కంప్రెసర్ గాలి ట్యాంకులోని ఆయిలుని నెట్టింది. బుస్సుమని, ఏనుగు లేచినట్టు నిదానంగా, కారు లేచింది. రబ్బరు బూట్లేసుకున్న ఒకతను దాని కిందకి తిన్నగా నడిచి వెళ్లి, నిటారుగా నిలబడి నీళ్లు కొట్టాడు. కారు కింద మనిషి నిలబడటం అంతకుముందు నేను చూళ్లేదు.

తిరిగొస్తూ దారిలో అడిగాను: "మనం కూడా ఒకటి పెట్టుకోవచ్చు కదండీ మేస్త్రీగారూ?"

ఆయన నవ్వి, నెత్తిన ఒకటి మొట్టి, "నువ్వున్నావుగా" అన్నాడు.

లిఫ్టు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందని అడిగితే కొందరు దిగుమతి సుంకాలంటారు, కొందరు కరెంటు కోతలంటారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ పదో పరకో ఇస్తే గుంతలోకి దూకే కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉండగా ఇనుము కొనే యజమాని ఎవరు? బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. తర్వాత్తర్వాత మోటారు షెడ్లని కూడా ప్రమాదకరమైన పనుల జాబితాలో కలిపారు. 2016 సవరణ, ఇంటివాళ్ల పనిలో సాయంలాంటివి తప్ప, పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టొద్దంది. నేను సొంత షెడ్డు తెరిచింది 1988లో. అందులోనూ గుంతే. మొదటి నాలుగేళ్లు ఇద్దరు పిల్లల్ని నేనే "దిగరా" అన్నాను. మేస్త్రీని అని లాభమేముంది?

మా చేత గుంత మాన్పించింది, నిజం చెప్పాలంటే, చట్టం కన్నా మారుతీ. 1983 డిసెంబరులో మొదటి మారుతీ 800 తాళాలు ఇందిరాగాంధీ చేతులమీదుగా ఇచ్చారు. అది మా గుంత మీదకి వచ్చిన రోజు గ్రీజు గన్ను పట్టుకుని కిందంతా వెతికాను, కొట్టే చోటు కనబడలేదు. వెనక్కి పోయే షాఫ్టూ లేదు. ముందు చక్రాలే బండిని లాగుతాయి. ఇంజనూ గేరుబాక్సూ పక్కపక్కన అడ్డంగా ఉంటాయి. క్లచ్చు ప్లేటు మార్చాలంటే గేరుబాక్సుని పక్కకి లాగి కిందకి దించాలి. మూడడుగుల గుంతలో పక్కనేది ఎక్కడుంది? బరువుని గుండెకి హత్తుకుని దించాల్సిందే. టింకరింగువాళ్లకి ఆ బాధ లేదు. బండి బరువు ఆరున్నర క్వింటాళ్లే, కాబట్టి నలుగురు పట్టి, నాడాలు కొట్టడానికి ఎద్దుని పడేసినట్టు, పాత టైర్ల మీదకి ఒరగేసేవాళ్లు. పదకొండు క్వింటాళ్ల అంబాసిడర్‌తో ఆ ఆటలు సాగవు. ఇంతలో కంపెనీల సర్వీసు సెంటర్లు రెండు స్తంభాల లిఫ్టులతో దిగాయి. తెల్ల టైల్సు, నిటారుగా నిలబడ్డ మెకానిక్కులు. మా పాత గిరాకీలు అక్కడ కాఫీ తాగి వచ్చి మాకు చెప్పేవాళ్లు.

రెండు స్తంభాల లిఫ్టుకి గుంత అక్కర్లేదు, గట్టి కాంక్రీటు చాలు. నేను కొన్నది నాలుగు టన్నులది. ఆరంగుళాల మందం సరిపోతుందని దాంతో వచ్చిన కాగితం చెప్పింది. ఆ కాగితం రాసినవాడు మా నల్లరేగడి చూసుండడు. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత పగులుతుంది. స్తంభం పాదం అడుగున్నర వెడల్పు అనుకోండి. దాని ఒక అంచు అరంగుళం కుంగితే, తొమ్మిదడుగుల ఎత్తున తల మూడంగుళాలు వాలుతుంది. ఆ తల మీద వేలాడేది కారు, దాని కింద నేను. అందుకే మూడడుగులు తవ్వించి, నల్లమట్టి ఎత్తిపోయించి, గ్రావెలు పొరలుగా పోయించి, ఒక్కో పొరకీ నీళ్లు కొట్టి దిమ్మిస వేయించాను. పైన అడుగు మందాన ఎం25 కాంక్రీటు, లోపల రెండు వరసల ఇనుప జాలీ. మడి కట్టి ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు నిలబెట్టాను. తాపీమేస్త్రీ పది రోజులు చాలన్నాడు, మా ఆవిడ దోమలన్నది. ఇద్దరి మాటా వినలేదు. స్తంభాన్ని పట్టుకునేది బోల్టు, బోల్టుని పట్టుకునేది కాంక్రీటు. అది పచ్చిగా ఉండగా రంధ్రం వేస్తే బోల్టు ముద్దలో గుచ్చిన పుల్లే. పాక రేకులు విప్పి పద్నాలుగడుగులకి లేపడం, త్రీఫేజు కనెక్షను తెచ్చుకోవడం... ఆ తిరుగుళ్లు చెప్పినా విసుగే.

మొదట ఎక్కించింది నా సొంత అంబాసిడర్ని. 1984 మోడల్, మార్క్ 4. నాలుగు చేతుల రబ్బరు పాదాలూ ఛాసిస్ కింద సరిచూసుకుని, చక్రాలు జానెడు లేవగానే ఆపి, బండిని గట్టిగా ఊపి చూశాను. కదల్లేదు. మనవడు "బటన్ నేను నొక్కుతా తాతయ్యా" అన్నాడు. నొక్కమన్నాను. కారు లేస్తుంటే స్తంభాల్లో ఇనుప నాలుకలు పళ్లలో పడుతూ టక్కు, టక్కుమన్నాయి. ఆరడుగులు లేచాక మళ్లీ కాస్త దించి ఆ నాలుకల మీద కూర్చోబెట్టాను. నూనె ఒత్తిడిని నమ్ముకుని కింద నిలబడకూడదని వాడికి రెండుసార్లు చెప్పాను.

కిందకి వెళ్లబోతే కాలు తనంతట తనే ముందుకి తడిమింది, మెట్టు కోసం. తల కూడా వంచే ఉన్నాను. "అంతెత్తు లేపి ఇంకా వంగుతారేంటండీ?" అంది గుమ్మంలోంచి మా ఆవిడ. నిటారుగా నిలబడ్డాను. పైన ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంది.

గుంతలో చేతి దీపం పట్టుకుని చూసేవాడికి కారు అడుగు ఒక్కో మూరే కనిపిస్తుంది. దీపం ఉన్నచోటే కారు ఉన్నట్టు. ఆ బండికి ముప్పై ఏళ్లుగా నేనే పనిచేస్తున్నా, దాని పొట్ట మొత్తం ఒక్క చూపులో చూడటం అదే మొదటిసారి. డ్రైవరు సీటు కింద, తుప్పు తిన్నచోట, నేను ఎప్పుడో వేసిన రేకు అతుకు కనబడింది. వెల్డింగు ఒక పక్కన తిన్నగా పోయి, మలుపు దగ్గర కొండచిలువ మింగినట్టు ఉబ్బి, తర్వాత రెండంగుళాలు అసలు పట్టనే లేదు. చేత్తో తడిమి బాగుందనుకున్న అతుకది. సందులోంచి పాకరేకుల వెలుతురు కనిపిస్తోంది.

మనవణ్ణి గ్రైండరు పట్టుకురమ్మన్నాను, మోయలేడేమోనని నేనే వెళ్లాను.