పార్సిల్ పేరిట వచ్చే నకిలీ సందేశాలు: బస్తర్ వాసులు తెలుసుకోవలసిన విషయాలు

‘మీ పార్సిల్ గోదాముకు చేరింది. చిరునామా అసంపూర్ణంగా ఉన్నందున రెండుసార్లు ప్రయత్నించినా అందజేయలేకపోయాము. 48 గంటలలోగా ఈ లింకులో వివరాలు సరిచేయనట్లయితే తిరిగి పంపివేస్తాము.’ ఇండియా పోస్ట్ పేరుతో దేశమంతటా ప్రచారమైన నకిలీ సందేశాల సారాంశం ఇది. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయానికి చెందిన ఫ్యాక్ట్ చెక్ విభాగం ఈ సందేశం బూటకమని 2024లో ప్రకటించింది. చిరునామా సరిచేసుకోవాలని కోరుతూ తపాలా శాఖ ఇటువంటి లింకులు పంపదని తెలిపింది.

నగరంలో నివసించేవారికి ఈ సందేశంలోని ‘అసంపూర్ణ చిరునామా’ అన్న మాటే అనుమానం కలిగిస్తుంది. బస్తర్‌లో ఆ మాటే నమ్మకం కలిగిస్తుంది. ఇక్కడి గ్రామం ఒకేచోట ఉండదు. దూరదూరంగా ఉన్న పారాలన్నీ కలిసి ఒక గ్రామం. ఇంటి నంబరు, వీధి పేరు వ్రాసే అవకాశం చాలాచోట్ల లేదు. పేరు, పారా, గ్రామం, తహసీలు, 494తో మొదలయ్యే పిన్ కోడ్. అంతటితో చిరునామా ముగుస్తుంది. అందువల్ల చిరునామా చాలలేదని ఫోనులో కనిపించినప్పుడు, అది నిజమే కాబోలునని అనుకోవడం సహజం. మోసగాడికి బస్తర్ సంగతి తెలియకపోవచ్చు. లక్షల మందికి ఒకే సందేశం పంపే అతనికి తెలియవలసిన అవసరమూ లేదు.

ఫోను కొత్తగా చేరిన గ్రామాలు కూడా ఇక్కడ ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రకటించిన ‘నియద్ నెల్లనార్’ పథకం కింద, భద్రతా శిబిరాల సమీప గ్రామాలకు రహదారి, విద్యుత్తులతో పాటు మొబైల్ టవర్లు కూడా వస్తున్నాయి. అదే సంవత్సరం మార్చి నుండి మహతారీ వందన్ పథకం కింద అర్హులైన వివాహిత మహిళల ఖాతాలలో నెలకు 1,000 రూపాయలు జమ అవుతున్నాయి. తునికాకు సేకరణకు ప్రామాణిక సంచికి, అనగా 50 ఆకుల చొప్పున కట్టిన 1,000 కట్టలకు, 5,500 రూపాయలు చెల్లిస్తున్నారు. ఎండలో యాభై వేల ఆకులు కోసి కట్టిన శ్రమకు వచ్చిన సొమ్ము బ్యాంకు ఖాతాలో ఉన్నప్పుడు, నకిలీ సందేశం గురిపెట్టేది దానినే.

మోసం జరిగే విధానం సరళమైనది. లింకు తెరిస్తే తపాలా శాఖ వెబ్‌సైటును పోలిన పుట కనిపిస్తుంది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు అడిగిన తరువాత, పార్సిల్ మళ్లీ పంపేందుకు సుమారు 25 రూపాయల రుసుము చెల్లించాలని చూపుతుంది. ఇంత చిన్న మొత్తానికి ఎవరూ వెనుకాడరు. అయితే ఆ 25 రూపాయలు వారికి అవసరం లేదు. అది చెల్లించేందుకు మీరు నమోదు చేసే కార్డు నంబరు, గడువు తేదీ, వెనుకవైపు ఉండే మూడంకెల సంఖ్య, ఆపై వచ్చే ఓటీపీ, ఇవే వారికి కావలసినవి. 2024 జనవరి నుండి జులై వరకు ఇండియా పోస్ట్‌ను అనుకరించే వెబ్ చిరునామాలు 470కి పైగా నమోదైనట్లు ఫోర్టినెట్ అనే సైబర్ భద్రతా సంస్థ గుర్తించింది. తపాలా శాఖ అసలు వెబ్ చిరునామా ‘గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుందని గుర్తుంచుకుంటే, వీటిలో చాలా వాటిని చూడగానే పోల్చుకోవచ్చు.

సందేశం ఎవరి నుండి వచ్చిందో చూడడం మరొక పరీక్ష. సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లు నమోదైన అక్షరాల శీర్షికతో వస్తాయి. 2025లో అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ శీర్షిక చివర ప్రభుత్వ సందేశమైతే ‘జి’, సేవలకు సంబంధించినదైతే ‘ఎస్’, లావాదేవీదైతే ‘టి’, ప్రచారమైతే ‘పి’ అనే ఆంగ్ల అక్షరం ఉంటుంది. పదంకెల సాధారణ నంబరు, విదేశీ నంబరు లేదా ఈమెయిల్ చిరునామా నుండి వచ్చిన పార్సిల్ సందేశాన్ని నమ్మవలసిన పని లేదు.

నిజంగానే పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నవారి సంగతి ఏమిటి? వారే సులభంగా మోసపోతారు కాబట్టి ఈ సంగతి ముఖ్యం. స్పీడ్ పోస్ట్‌కు 13 అక్షరాంకెల సంఖ్య ఉంటుంది: మొదట రెండు ఆంగ్ల అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’. పంపినవారి నుండి ఆ సంఖ్య తీసుకొని తపాలా శాఖ వెబ్‌సైటులో స్వయంగా చూడవచ్చు. 1800 266 6868 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వారపు సంతకు వెళ్లినప్పుడు తపాలా కార్యాలయంలో అడగవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువైతే కొన్న యాప్‌లోనే దాని స్థితి తెలుస్తుంది. సందేశంలోని లింకు ఏ సందర్భంలోనూ అవసరం రాదు.

ఓటీపీ విషయంలో ఒక వివరణ అవసరం. కొన్ని సంస్థలు వస్తువు చేతికిచ్చేటప్పుడు ఓటీపీ అడుగుతాయి; అది మోసం కాదు. ఆ అంకెలతో వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదవాలి. అందులో బ్యాంకు పేరు గానీ, చెల్లింపు మొత్తం గానీ ఉంటే అది వస్తువుకు సంబంధించినది కాదు. ఆంగ్లం చదవలేని పెద్దలు ఫోనును పిల్లల చేతికిచ్చే ఇళ్లలో ఈ తేడా పిల్లలకు తప్పక నేర్పాలి. కొరియర్ ఉద్యోగినంటూ ఎవరైనా నక్షత్రం గుర్తుతో మొదలయ్యే కోడ్ నొక్కమంటే నొక్కరాదు. అది మీకు వచ్చే కాల్స్‌ను వారి నంబరుకు మళ్లించే ఎత్తు కావచ్చు.

సొమ్ము పోయినట్లు గమనించిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పోలీసు స్టేషన్ దూరంగా ఉన్నదని ఆగరాదు. ఫిర్యాదు త్వరగా అందితే, సొమ్ము ఖాతాలు మారకముందే బ్యాంకులు దానిని నిలిపివేయగలవు. అదే సమయంలో బ్యాంకుకు కూడా తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తన వివరాలు తానే వెల్లడించినందున జరిగిన నష్టాన్ని బ్యాంకుకు తెలిపేవరకు ఆయనే భరించాలి. తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. సొమ్ము పోకుండా సందేశం మాత్రమే వచ్చినట్లయితే సంచార్ సాథీ వెబ్‌సైటులోని ‘చక్షు’ విభాగంలో తెలియజేయవచ్చు. ఫిర్యాదు నమోదు పూర్తయ్యేవరకు ఆ సందేశాన్ని ఫోను నుండి తొలగించరాదు.